ముగింపు తెలిసిన కథకు మొదలు వెతకడం

ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు డిగ్రీ పిల్లలకు ముప్పై ఏళ్ల పాటు భౌతికశాస్త్రం చెప్పారు. నక్షత్రాల దూరాలు కొలిచే పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ‘పార్‌సెక్’ అని రాసి, పక్కన సుమారు 3.26 కాంతి సంవత్సరాలు అని వేసి, ఆ వెంటనే ఒక సినిమా కథ ఎత్తుకునేవారు. 1977లో అమెరికాలో వచ్చిన ‘స్టార్ వార్స్’లో హాన్ సోలో అనే దొంగసరుకు ఓడ నడిపేవాడు తన ఓడ గురించి గొప్పలు పోతూ, కెస్సెల్ దారిని పన్నెండు పార్‌సెక్‌ల లోపే దాటేశానంటాడు. పార్‌సెక్ దూరానికి కొలత. కాలానికి కాదు. విజయవాడ ఎంత తొందరగా వెళ్లావని అడిగితే రెండు వందల కిలోమీటర్లలో వెళ్లానని చెప్పినట్టు! పిల్లలు నవ్వేవారు. మాస్టారు నవ్వేవారు కాదు. “ఈ ఒక్క మాటను సరిదిద్దడానికి ఎంతమంది ఎన్ని కథలు అల్లారో తెలుసా?” అని అడిగేవారు.

రచయిత పొరపాటు పడ్డాడనుకుని వదిలేస్తే సరిపోయేది. అభిమానులు వదల్లేదు. కెస్సెల్ పక్కన నల్ల బిలాల గుంపు ఉందనీ, వాటికి ఎంత దగ్గరగా దూసుకుపోతే దారి అంత తగ్గుతుందనీ, సోలో చెప్పుకున్నది తన తెగువ గురించేననీ నవలల్లో సర్దుబాటు జరిగింది. చివరికి 2018లో ‘సోలో’ అనే సినిమాయే వచ్చింది. ఆ ప్రయాణాన్ని తెర మీద చూపించి, అతను అడ్డదారిన పడి దూరం తగ్గించుకున్నాడని తేల్చింది. నలభై ఒక్క ఏళ్ల నాటి మాటకు లెక్క కుదిరింది. అప్పటికి రిటైరైన మాస్టారు ఆ సినిమా చూసి వచ్చి పాత శిష్యులతో అన్న మాటను వాళ్లు ఇప్పటికీ తలచుకుంటారు: “లెక్క సరిపోయిందిరా. కానీ అబ్బాయి చిన్నవాడైపోయాడు.”

ఒక కథ ఊరంత పెరిగి, దానికి ముందు కథలూ పక్క కథలూ పుట్టుకొచ్చినప్పుడు అభిమానులు దేనికోసం వాదులాడుకుంటారు, ఆ వాదంలో ఎవరి మాటకు బలముంది అన్నది ఈ ఉపన్యాసానికి విషయం. ప్రీక్వెల్ అంటే పూర్వకథ. స్పిన్‌ఆఫ్ అంటే మూలకథ కొమ్మల్లోంచి విడిగా పెరిగిన ఉపకథ. ఉదాహరణకు తీసుకున్నది స్టార్ వార్స్ ఒక్కటే. మాస్టారి క్లాసులో పుట్టిన చర్చ అదే గనక.

ముగింపు తెలిసిన కథను చూడటం తెలుగువాళ్లకు కొత్త విద్య కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడిన పందిళ్లలో రాయబారం ఫలిస్తుందేమోనన్న ఆశతో ఎవరూ కూర్చోలేదు. యుద్ధం తప్పదని, చివరికి ఎవరు మిగులుతారో కూడా, చాప మీద నిద్రకు తూగే పిల్లలకే తెలుసు. అయినా జనం తెల్లవార్లూ కూర్చున్నారు. నిండు సభలో కృష్ణుడి మాట ఎక్కడ మెత్తగా ఉంటుంది, ఎక్కడ హెచ్చరికగా మారుతుంది, పద్యం చివర రాగం ఎంతసేపు నిలుస్తుంది, వాళ్లు చూడవచ్చింది అది. పూర్వకథ రాసేవాడికీ ఇదే పరీక్ష. తర్వాత ఏమవుతుందన్న కుతూహలం అతని చేతిలో ఉండదు. ఎలా అయింది, ఎందుకయింది అన్న రెండింటితోనే ప్రేక్షకుణ్ని కుర్చీలో నిలపాలి.

ఇక చరిత్ర. 1977 మే 25న 32 థియేటర్లలో విడుదలైన జార్జ్ లూకస్ సినిమా పేరు ఉట్టి ‘స్టార్ వార్స్’. తెర కింది నుంచి పైకి జారిపోయే ఆ పసుపు అక్షరాల్లో ‘నాలుగో భాగం’ అన్న మాటే లేదు. 1981లో మళ్లీ విడుదల చేసినప్పుడు అది చేరింది. ఆ మొదటి సినిమాలో ముసలి జెడై యోధుడు ఒబీవాన్, కుర్రవాడైన ల్యూక్‌తో, నీ తండ్రిని చంపింది డార్త్ వేడర్ అని చెబుతాడు. 1980లో ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ వచ్చేసరికి ఆ వేడరే తండ్రి. 1983లో ‘రిటర్న్ ఆఫ్ ద జెడై’లో చనిపోయిన ఒబీవాన్ ఛాయారూపంలో వచ్చి, తాను చెప్పింది ఒక కోణంలో నిజమేనని సర్దిచెప్పాడు. చెప్పేసిన కథలోకి వెనక్కి వెళ్లి అర్థం మార్చే పనిని సృష్టికర్తే మొదలుపెట్టాడన్నమాట. ‘అసలు కథ’ ఇది, ‘తెచ్చి అతికించింది’ అది అని గట్టిగా గీత గీసే అభిమానులు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి. ఇవాళ అన్నిటిలోకీ గొప్పదని పేరుపడ్డ ‘ఎంపైర్’ను ఆనాడు న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు విన్సెంట్ క్యాన్బీ మెచ్చలేదన్న సంగతిని కూడా.

ఆ మూడు సినిమాలూ చాలా ఖాళీలు వదిలాయి. మొదటి సినిమాలో ‘క్లోన్ యుద్ధాలు’ అన్న మాట వినబడుతుంది. అంతే. అవి ఎవరి మధ్య జరిగాయో, క్లోన్లు ఎవరి పక్షమో ఒక్క ముక్క లేదు. 1977లో పదేళ్లున్న పిల్లవాడు ఆ రెండు మాటల మీద తన సొంత యుద్ధాన్ని కట్టుకుని, దాన్ని మనసులో దాచుకుని పెద్దవాడయ్యాడు. 1999లో లూకస్ పోటీ పడవలసి వచ్చింది నిజానికి ఆ పిల్లవాడి యుద్ధంతో.

1998 నవంబరులో ‘ది ఫాంటమ్ మెనేస్’ ట్రైలర్‌ను అమెరికా థియేటర్లలో వేరే సినిమాల ముందు వేశారు. ట్రైలర్ కోసమే టికెట్ కొని, అది అయిపోగానే లేచిపోయినవాళ్లున్నారు. 1999 మే 19న సినిమా వచ్చింది. పదహారేళ్లు ఎదురుచూసినవాళ్లకు తెర మీద మొదట ఎదురైంది వాణిజ్య మార్గాల మీద పన్నుల తగవు, ఒక చిన్న గ్రహం చుట్టూ వ్యాపారుల ఓడల దిగ్బంధం, ఆ తర్వాత చట్టసభలో అవిశ్వాస తీర్మానం. అంతరిక్షంలో కత్తులు దూయవలసిన వీరులు కమిటీల గురించి మాట్లాడుకుంటున్నారని చాలామంది విసుక్కున్నారు.

ఈ ఒక్క విషయంలో ఈ వక్త పూర్తిగా లూకస్ పక్షం. వియత్నాం యుద్ధకాలంలో వయసుకొచ్చిన మనిషి అతను. ప్రజాస్వామ్యం తన చేతులతోనే నియంతను ఎలా తెచ్చుకుంటుందన్నది అతను మొదటినుంచీ వేసుకున్న ప్రశ్న. 1999 సినిమాలో పాల్పటీన్ అనే సౌమ్యుడైన సభ్యుడు సానుభూతి ఓట్లతో ఛాన్సలర్ అవుతాడు. 2002లో ‘అటాక్ ఆఫ్ ద క్లోన్స్’లో సంక్షోభం పేరు చెప్పి అత్యవసర అధికారాలు పుచ్చుకుంటాడు. 2005లో ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’లో అదే సభ చప్పట్ల మధ్య సామ్రాజ్యం ప్రకటిస్తాడు. కోట మీద బయటి శత్రువు దాడి చేయలేదు. తలుపు లోపలివాళ్లే తీశారు. పిల్లలు చూసే సినిమాలో ఇంత మెట్టుమెట్టుగా ఈ సంగతి చెప్పడానికి తెగింపు కావాలి. ఆ తెగింపుకు రావలసిన గౌరవం ఆనాడు రాలేదు.

లోపాలు లేవని కాదు. తర్వాత డార్త్ వేడర్‌గా మారే అనాకిన్, ల్యూక్ తల్లి పద్మేల ప్రేమ సన్నివేశాల్లో మాటలు కర్రముక్కల్లా ఉంటాయి. నటులు ప్రతిభ లేనివాళ్లు కారు. పలకవలసిన వాక్యాలు అలాంటివి. నీలితెర ముందు ఒంటరిగా నిలబడి, కనబడని కోటనూ కనబడని సేననూ చూస్తూ ఆ వాక్యాలు పలకాలి. దానికన్నా పెద్ద లోపం మిడిక్లోరియన్లు. మొదటి మూడు సినిమాల్లో ‘ఫోర్స్’ అనే శక్తి జీవులన్నిటినీ కలిపి ఉంచే ఒక మహాప్రవాహం. శ్రద్ధతో, సాధనతో అందుకోవలసినది. 1999 సినిమాలో రక్తం చుక్క తీసి పరీక్షిస్తే, అందులోని సూక్ష్మజీవుల సంఖ్యను బట్టి ఎవరికి ఎంత శక్తి ఉందో తేలిపోతుంది. ఎడారి గ్రహంలో రైతు ఇంట పెరిగిన ల్యూక్‌ను చూసి, తామూ సాధన చేస్తే ఏదో ఒకటి అవుతామనుకున్న పిల్లలకు ఆ రక్తపరీక్ష తలుపు మూసినట్టయింది. మాస్టారు హాన్ సోలో గురించి అన్న మాటే ఇక్కడా వర్తిస్తుంది. లెక్క వచ్చింది, మనిషి తగ్గాడు.

ఆ సినిమాను ఎంత తీవ్రంగా ద్వేషించినవాళ్లయినా ఒప్పుకునేది ఒకటుంది. చివరి పోరాటంలో జాన్ విలియమ్స్ కట్టిన ‘డ్యూయెల్ ఆఫ్ ద ఫేట్స్’. అందులో బృందం పాడేది సంస్కృతం. ఒక ప్రాచీన వెల్ష్ కవితకు రాబర్ట్ గ్రేవ్స్ చేసిన ఇంగ్లీషు రూపం నుంచి కొన్ని మాటలు తీసుకుని, వాటిని సంస్కృతంలోకి మార్పించి, అక్షరాల మోత కోసం ముక్కలు ముక్కలుగా వాడుకున్నాడు విలియమ్స్. అమెరికా సినిమాకు లండన్ సింఫనీ వాద్యబృందంతో రికార్డు చేసిన పాట అది. దాని గొంతులో మన పంతుళ్ల నోట వినే భాష పలుకుతుందని మాస్టారి శిష్యులకు చాలా ఏళ్ల తర్వాతగానీ తెలియలేదు. తెలిశాక ఎన్నిసార్లు విన్నా మాటలు పట్టుబడలేదు. మోత మాత్రం పట్టుకుంది.

అభిమానుల కోపం ఒక విచిత్రమైన పనికి కూడా దారితీసింది. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మైక్ నికల్స్ అనే ఎడిటర్, జార్ జార్ బింక్స్ అనే హాస్యపాత్ర గందరగోళాన్ని తగ్గించి, బాల అనాకిన్ మాటలు కొన్ని కోసి, సినిమాను తనకు నచ్చినట్టు మళ్లీ కూర్చాడు. 2001 నాటికి ఆ ‘ఫాంటమ్ ఎడిట్’ టేపులు చేతులు మారుతూ దేశమంతా తిరిగాయి. ప్రేక్షకుడు పెదవి విరవడం పాత సంగతి. కత్తెర పట్టుకుని, ఇలా ఉండాలి అని చేసి చూపించడం కొత్త. నిజానికి దానికి కొన్నేళ్ల ముందే లూకస్ కూడా అదే పని చేశాడు. 1997లో పాత మూడు సినిమాలకు కొత్త బొమ్మలు చేర్చి విడుదల చేసినప్పుడు, సారాకొట్టులో హాన్ సోలో కన్నా ముందు గ్రీడో అనేవాడు తుపాకీ పేల్చినట్టు మార్చాడు. ముందు కాల్చింది ఎవరన్న తగవు నేటికీ తీరలేదు. తీరకపోవడం న్యాయమే. ముందుగా కాల్చే హాన్, చివరికి మిత్రుడి కోసం వెనక్కి తిరిగి వచ్చే హాన్, ఈ రెండు కొసల మధ్య ఉన్న దూరమే ఆ పాత్ర. మొదటి కొసను నరికితే రెండోదానికి విలువ పోతుంది.

ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి చెప్పాలి. జార్ జార్ పాత్రను వేసింది అహ్మద్ బెస్ట్ అనే యువ రంగస్థల కళాకారుడు. ఒక ముఖ్యపాత్రను మొదటినుంచి చివరిదాకా కంప్యూటర్‌తో తయారుచేయడం అప్పటికి చాలా కొత్త. అతని నడక మీద, ఒడుపు మీద ఆధారపడే ఆ పని సాధ్యమైంది. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో గొల్లమ్ వచ్చింది దాని తర్వాతే. ఆ పాత్ర మాట తీరులో కరీబియన్ నల్లవారిని వెక్కిరించిన జాడ ఉందన్న విమర్శ వచ్చింది. అది చర్చించవలసిన విమర్శే. కానీ కోపం పాత్ర దగ్గర, రచన దగ్గర ఆగలేదు. మనిషి మీద పడింది. ఆ రోజుల్లో ప్రాణం తీసుకోవాలనుకున్నానని 2018లో అతనే బయటపెట్టాడు. బాల అనాకిన్‌గా నటించిన జేక్ లాయిడ్‌కు అప్పటికి పదేళ్లు. బళ్లో ఎదురైన వేధింపుల గురించి అతనూ తర్వాత చెప్పుకున్నాడు. 2017 నాటి ‘ద లాస్ట్ జెడై’లో రోజ్‌గా నటించిన కెల్లీ మేరీ ట్రాన్, 2022 నాటి ‘ఒబీవాన్ కెనోబీ’ సిరీస్‌లో నటించిన మోజెస్ ఇంగ్రమ్, ఇద్దరూ జాతి పేరు పెట్టి తిట్టిన తిట్లు భరించారు. ప్రేమించిన కథ కోసం పోట్లాడుతున్నామనుకునేవాళ్లు చేసిన పని ఇది. సన్నివేశం బాగాలేదనడం విమర్శ. అందులో నటించిన మనిషిని బతకనివ్వకపోవడానికి ఇంకో పేరుంది. ఈ రెండింటికీ తేడా తెలియనివాడు ఎంత అభిమాని అయినా చర్చలో కూర్చోబెట్టదగ్గవాడు కాడు.

2019 ఏప్రిల్‌లో షికాగోలో జరిగిన స్టార్ వార్స్ ఉత్సవంలో, ఫాంటమ్ మెనేస్‌కు ఇరవై ఏళ్లు నిండిన సభలో, అహ్మద్ బెస్ట్ వేదిక ఎక్కితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లలో ఎక్కువమంది ఆ సినిమాను చిన్నతనంలో చూసినవాళ్లే అయి ఉంటారు. 2023లో ‘ద మాండలోరియన్’ మూడో సీజన్‌లో అతను జెడైగా కనిపించాడు. అందరికీ ముద్దొచ్చే పసివాడు గ్రోగును జెడైల ఊచకోత నుంచి ఎత్తుకుపోయి కాపాడిన యోధుడి పాత్ర అతనికిచ్చారు.

వయసు మాట ఎందుకంటే, ఈ వాదంలో సగం వయసు వాదమే. 1977లో పదేళ్లవాడికి 1999లో ముప్పై రెండు. అతను తన బాల్యాన్ని వెతుక్కుంటూ వెళ్లాడు, అది దొరకలేదు. 1999లో ఏడేళ్లవాడికి పోల్చడానికి ఏమీ లేదు. రెండువైపులా మెరిసే కత్తితో డార్త్ మాల్ తలుపు తెరుచుకుని నిలబడితే ఊపిరి బిగబట్టాడు. ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’ను ఇరవై ఏళ్ల సందర్భంగా 2025 ఏప్రిల్‌లో మళ్లీ విడుదల చేస్తే, అమెరికాలో మొదటి వారాంతంలోనే సుమారు 2.5 కోట్ల డాలర్లు వసూలు చేసింది. ఒకప్పటి పిల్లలు తమ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లిన వసూళ్లవి.

అయితే అంతా వయసు మహిమే అనడం కూడా సరికాదు. పూర్వకథలకు మర్యాద తెచ్చిపెట్టింది ప్రధానంగా ఒక యానిమేషన్ సిరీస్. 2008లో మొదలైన ‘ద క్లోన్ వార్స్’. మొదట సినిమాగా వచ్చినప్పుడు విమర్శకులు దాన్ని చీల్చిచెండాడారు. అనాకిన్‌కు అసోకా టానో అనే శిష్యురాలిని కొత్తగా తెచ్చిపెడితే అభిమానులు మండిపడ్డారు. 2005 సినిమాలో లేని శిష్యురాలు ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చింది, ఏమైపోయిందని అడిగారు. డేవ్ ఫిలోనీ బృందం ఆ ప్రశ్ననే ఇరుసుగా చేసుకుంది. ఏడు సీజన్లు, 133 భాగాల్లో ఆ వాగుడుకాయ పిల్ల ఎదిగి, చేయని నేరం మోసి, గురువులు తనను నమ్మనందుకు జెడై మండలిని వదిలి మెట్లు దిగి వెళ్లిపోతుంది. వెళ్లేటప్పుడు అనాకిన్ ఆమెను ఆపలేకపోతాడు. ఆ మెట్ల దృశ్యం చూసినవాళ్లకు 2005 సినిమాలో అనాకిన్ పతనం ఇంకోలా కనబడుతుంది. అతను మండలిని ఎందుకు నమ్మలేకపోయాడో సినిమా తొందరలో చెప్పలేకపోయింది. సిరీస్ చెప్పింది. అప్పటిదాకా ముఖం లేని సైనికులుగా ఉన్న క్లోన్లకు పేర్లు, జుట్టు, హాస్యం, భయం వచ్చాయి. ఆజ్ఞ 66 వచ్చి వాళ్లు తమ జెడై సేనాపతుల మీదే తుపాకులు తిప్పే ఘట్టం, అలా ముఖాలు తెలిశాక, చూడలేనంత బరువెక్కింది. తెలిసిన ముగింపుకు కొత్త బరువు తేవడమంటే ఇదే. పూర్వకథ చేయవలసిన పని ఇంతకన్నా స్పష్టంగా మరెక్కడా కనబడదు.

పుస్తకాల కథ వేరు. 1991లో టిమొతీ జాన్ రాసిన ‘ఎయిర్ టు ద ఎంపైర్’ న్యూయార్క్ టైమ్స్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. సినిమాలు ఆగిపోయి, బొమ్మలు కూడా అమ్ముడుపోని రోజుల్లో ఆ నవలలే ఈ కథను బతికించాయి. గణతంత్ర రాజధాని గ్రహానికి కొరుస్కాంట్ అన్న పేరు జాన్ పెట్టిందే. లూకస్ దాన్ని ఫాంటమ్ మెనేస్‌లోకి తీసుకున్నాడు. ఉపకథ నుంచి మూలకథకు నీళ్లు ఎదురు పారాయన్నమాట. 2012 అక్టోబరులో డిస్నీ 405 కోట్ల డాలర్లకు లూకస్‌ఫిల్మ్‌ను కొన్నది. 2014 ఏప్రిల్‌లో, అప్పటిదాకా వచ్చిన నవలలు, కామిక్సు, ఆటల కథలను ‘లెజెండ్స్’ అని పక్కనపెట్టింది. పాతికేళ్లుగా అరలు నింపుకున్న పాఠకుడికి, నువ్వు చదివింది జరగలేదని చెప్పినట్టయింది. కంపెనీ ఇబ్బంది అర్థమయ్యేదే. కొత్త సినిమాలు తీయాలంటే దారి ఖాళీగా ఉండాలి. 1999లో వచ్చిన ఒక నవలలో హాన్ సోలో నేస్తమైన చ్యూబకా మీద చంద్రుణ్నే పడేసి చంపేశారు. ఆ చావును పట్టుకుని 2015 సినిమా తీయలేరు. కానీ జాన్ సృష్టించిన నీలిముఖం సేనాని త్రాన్, లెజెండ్స్‌లోకి నెట్టిన రెండేళ్లకే ‘రెబెల్స్’ యానిమేషన్‌లోకి, 2023లో ‘అసోకా’ సిరీస్‌లోకి నడిచి వచ్చాడు. పాఠకులు మనసులో ఉంచుకున్న పాత్రను చెల్లదన్న ముద్ర ఏమీ చేయలేకపోయింది.

మాస్టారి శిష్యులు ఎక్కువ గొంతు పెంచి వాదించుకునేది డిస్నీ కాలపు మూడు పూర్వకథల గురించి. ‘సోలో’ సంగతి మొదట్లోనే వచ్చింది. ఫిల్ లార్డ్, క్రిస్ మిల్లర్‌లను నడుమలో తప్పించి రాన్ హోవర్డ్‌తో పూర్తి చేయించిన ఆ సినిమా ప్రపంచమంతా కలిపి 40 కోట్ల డాలర్లు కూడా దాటలేదు. చూడటానికి హాయిగా ఉంటుంది. నటుల లోటు లేదు. ఇబ్బంది ఒక్కటే. హాన్‌కు ఆ ఇంటిపేరు ఎలా వచ్చింది, తుపాకీ ఎవరిచ్చారు, చ్యూబకా ఎక్కడ కలిశాడు, ఓడ ఎలా చేతికొచ్చింది అన్నవన్నీ ఒక్క సినిమాలోనే జరిగిపోతాయి. ఒక మనిషి జీవితమంతా ఒక్కసారిగా సర్దిన పెట్టెలా తయారైంది.

దానికి ముందు, 2016 డిసెంబరులో వచ్చిన ‘రోగ్ వన్’ పుట్టుక చూడండి. 1977 సినిమా మొదట్లో జారిపోయే అక్షరాల్లో, తిరుగుబాటు గూఢచారులు డెత్ స్టార్ అనే మహాయుద్ధకేంద్రం నమూనాలు దొంగిలించారన్న ముక్క ఉంది. దాన్ని సినిమా చేయవచ్చన్న ఊహ దర్శకుడిదీ కాదు, వృత్తి రచయితదీ కాదు. విజువల్ ఎఫెక్ట్స్ పర్యవేక్షకుడు జాన్ నోల్‌ది. అన్న థామస్‌తో కలిసి ఫోటోషాప్‌ను తయారుచేసింది ఈయనే. గారెత్ ఎడ్వర్డ్స్ తీసిన ఆ సినిమా వంద కోట్ల డాలర్లు దాటింది. గూఢచారి ముఠాలో చివరికి ఎవరూ మిగలరు. అంత పెద్ద కోటను రెండు మీటర్ల కన్నం గుండా ఎలా కూల్చారని నలభై ఏళ్లుగా అభిమానులు అడుగుతున్న ప్రశ్నకు కూడా ఇందులో జవాబుంది. బలవంతంగా ఆ కోటను కట్టిన శాస్త్రవేత్తే కావాలని ఆ లోపం పెట్టాడు. ఇదీ పార్‌సెక్ లాంటి సర్దుబాటే కదా అని కొందరు వాదిస్తారు. తేడా ఉంది. పార్‌సెక్ జవాబుతో ఒక కొలత సరిపోయింది. ఈ జవాబుతో ఒక తండ్రి పుట్టాడు, నమూనాల కోసం పోరాడే అతని కూతురికి ఒక కారణం పుట్టింది, ల్యూక్ పేల్చిన గుండు వెనక ఒక సమాధుల వరుస చేరింది. అయితే 1994లో మరణించిన పీటర్ కుషింగ్ ముఖాన్ని కంప్యూటర్‌తో మరో నటుడికి తొడిగి, 1977 సినిమాలో డెత్ స్టార్‌ను ఏలిన అధికారి టార్కిన్‌ను తిరిగి తేవడం తగునా అన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ పని మళ్లీ చేయకపోతేనే మేలు.

ఇక ‘ఆండోర్’. రోగ్ వన్‌లో చనిపోయే గూఢచారి కాసియన్ పూర్వకథ, అంటే పూర్వకథకు పూర్వకథ. 2022లో మొదటి సీజన్, 2025లో రెండోది, ఒక్కొక్కటి పన్నెండు భాగాలు. టోనీ గిల్‌రాయ్ నడిపించాడు. కత్తుల్లేవు, జెడైల్లేరు. నార్కినా జైలు భాగాలు చూసినవాళ్లు వాటిని మరిచిపోలేరు. కరెంటు ప్రవహించే నేల మీద ఖైదీలు వట్టికాళ్లతో నిలబడి, బల్లకు ఏడుగురు చొప్పున, ఎందుకో తెలియని యంత్రభాగాలు పగలూ రాత్రీ బిగిస్తుంటారు. ఆ భాగాలు వెళ్లేది డెత్ స్టార్‌కేనని సీజన్ చివర తెలుస్తుంది. కాసియన్ ఏనాడు, ఎక్కడ చచ్చిపోతాడో చూసేవాళ్లందరికీ తెలుసు. అతనికి తెలియదు. అది తెలిసి చూస్తుంటే అతని ప్రతి చిన్న సంతోషమూ గొంతుకు అడ్డం పడుతుంది.

ఈ సిరీస్‌లోనే లూకస్ పూర్వకథలకు ఆలస్యంగా న్యాయం జరిగిందని ఈ వక్త నమ్మకం. జెనెవీవ్ ఓరైలీ అనే నటిని ‘రివెంజ్ ఆఫ్ ద సిత్’లో మాన్ మాత్మా అనే చట్టసభ సభ్యురాలిగా తీసుకున్నారు. ఆమె సన్నివేశాలు దాదాపు అన్నీ ఎడిటింగులో పోయాయి. పదకొండేళ్ల తర్వాత రోగ్ వన్‌లో కాసేపు, ఆ తర్వాత ఆండోర్‌లో ప్రధానపాత్రగా ఆమె అదే మనిషిగా తిరిగివచ్చింది. రెండో సీజన్‌లో ఘోర్మన్ అనే గ్రహంలో నిరాయుధులను కాల్చి చంపి, ఆ తప్పు చచ్చినవాళ్ల మీదే వేస్తే, మాన్ మాత్మా సభలో లేచి దాన్ని జాతిహత్య అని పేరుపెట్టి పిలుస్తుంది. ఆ సభామందిరం ఏది? 1999లో పన్నుల తగవు మీద జనం ఆవులించిన మందిరమే. గాలిలో తేలే ఆ గుండ్రటి వేదికలే. అక్కడ మొదట పాల్పటీన్‌ను ఎన్నుకున్నారు, తర్వాత అధికారాలిచ్చారు, ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. అదంతా జరిగిన చోట ఒక్కతే నిలబడి నిజం చెబుతోంది కాబట్టే ఆ మాటలకు అంత బలం. లూకస్ కట్టిన ఇటుక లేకపోతే గిల్‌రాయ్ గోడ నిలబడేది కాదు.

వీటిని ఏ వరుసలో చూడాలన్నది మరో తగవు. విడుదలైన వరుసా, భాగాల అంకెల వరుసా అని. 2011లో ఒక అభిమాని నాలుగు, అయిదు, రెండు, మూడు, ఆరు అని ఒక వరుస కట్టి ఒకటో భాగాన్ని వదిలేశాడు. దానికి ‘మషెటీ ఆర్డర్’ అన్న పేరు స్థిరపడింది. వేడరే తండ్రి అన్న దెబ్బ తగిలాక, వెనక్కి వెళ్లి అతను ఎలా చెడ్డాడో చూసి, ముగింపుకు రావడం అందులోని తెలివి. కొత్తగా చూసే పిల్లలకు విడుదలైన వరుసే మంచిది. 1980 నాటి ఆ దెబ్బ వాళ్లకూ తగలాలి.

ఈ చర్చ తెలుగు గడప తొక్కింది కూడా. నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ 2024 జూన్ 27న విడుదలైతే, దానికి నాలుగు వారాల ముందే, మే 31న, ‘బుజ్జి అండ్ భైరవ’ అనే యానిమేషన్ పూర్వకథ వచ్చింది. మూలకథ కన్నా ముందే పూర్వకథను చూసిన ప్రేక్షకులు మనవాళ్లు. ఆ కథ పెరిగినకొద్దీ ఇంకెన్నో ముందు కథలు, పక్క కథలు వస్తాయి. వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నను మాస్టారు ముందే ఇచ్చి వెళ్లారు. లెక్క సరిపోయిందా అని కాక, మనిషి పెరిగాడా తగ్గాడా అని.

రోగ్ వన్ దాకా మాస్టారు చూశారు, సోలో దాకా కూడా. ఆండోర్ చూడకుండానే వెళ్లిపోయారు. ఆయనకు తప్పకుండా చూపించాలనిపించే సంగతి ఒకటుంది. 1977 సినిమాలో డెత్ స్టార్ మీద అధికారులు బల్ల చుట్టూ కూర్చున్న సన్నివేశంలో టార్కిన్ లోపలికి వచ్చి, చక్రవర్తి సెనేట్‌ను రద్దు చేశాడని రెండు మూడు వాక్యాల్లో చెప్పేస్తాడు. నలభై అయిదేళ్ల పాటు అది ఎవరి చెవికీ ఆనని సమాచారం. ఆండోర్ రెండు సీజన్లు, ఆ వెంటనే రోగ్ వన్, ఆ వెంటనే 1977 సినిమా వరుసగా పెట్టుకుని చూడండి. మొత్తం ఇరవై నాలుగు భాగాలు, రెండు సినిమాలు. టార్కిన్ ఆ మాట అన్న చోట ఒక్క నిమిషం ఆపి, మాన్ మాత్మా నిలబడిన ఆ వేదికను తలచుకోండి.